పటాన్‌చెరులో తొందరపడి చెప్పిన సాక్ష్యం

నేను పటాన్‌చెరు వెళ్లింది ఒక కవరు ఇచ్చి రావడానికి. శనివారం వెళ్లి ఆదివారం రాత్రి రైలుకు తిరిగి వచ్చేయాలన్నది నా లెక్క. ఐదు రోజులు ఉండిపోయాను. ఆ ఐదు రోజుల్లో కుదురుగా కూర్చుని ఒక్క పూటైనా తిన్నట్టు గుర్తు లేదు.

మాది రేపల్లె దగ్గర ఊరు. బతుకుతెరువుకు జాకెట్లు కుడతాను. మా మందిరంలో సండే స్కూలు పిల్లలకు పన్నెండేళ్లుగా వాక్యం చెబుతున్నాను. మా చెల్లి కరుణ బీఎస్సీ నర్సింగ్ చదివి, పటాన్‌చెరులో యాభై పడకల ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. తనకు ఎమ్మెస్సీ నర్సింగ్ చదవాలని, అందులోనూ పసిపిల్లల నర్సింగే చదవాలని పట్టుదల. దానికో నిబంధన ఉంది. నర్సుగా పేరు నమోదైన తర్వాత ఆస్పత్రిలో ఏడాది పనిచేసి ఉండాలి. అప్లికేషన్ల ఆఖరు తేదీ నాటికి ఆ ఏడాది నిండాలి. నిరుడు ఈ రోజులకు అప్పుడే పనిలో చేరింది కాబట్టి ఆగిపోయింది. ఈసారి నేను వెళ్లిన శనివారం నుంచి చూస్తే పదకొండో రోజుకు, అంటే ఆపై వారం మంగళవారానికి ఏడాది నిండుతుంది. అదే వారం శనివారం ఆఖరు తేదీ. మధ్యలో నాలుగు రోజుల వెసులుబాటు.

కరుణ పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఇంకా నాలుగు అసలు కాగితాలు మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి. కొరియరువాడి మీద మా అమ్మకు నమ్మకం లేదు. కవరు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి నా చేతికిచ్చింది.

లింగంపల్లి నుంచి

లింగంపల్లిలో రైలు దిగితే వాన. షేర్ ఆటోలో నాతో పాటు ఏడుగురు ఎక్కారు. వాళ్లలో నలుగురు హిందీలో మాట్లాడుతున్నారు, ఇద్దరు ఒడియాలో. మిగిలిన ఆవిడ నా సంచి మీద మోచెయ్యి ఆనించి "జెర జరుగక్కా" అంది. మా వైపు కొత్తవాళ్లను ఎవరైనా "మీరు" అంటారు. ఇక్కడ ఆటో డ్రైవరు నుంచి బడ్డీ కొట్టావిడ దాకా అందరూ నన్ను "నువ్వు" అన్నారు. మొదటి రోజు మనసు చివుక్కుమంది. మూడో రోజుకు అదే మాట చుట్టాలు పిలిచినట్టు వినిపించింది.

పటాన్‌చెరు దగ్గరయ్యేసరికి ముక్కుకు ఏదో తగిలింది. మందుల షాపులో సీసా పగిలితే వచ్చే వాసన లాంటిది, కానీ పెద్దది, ఊరంత. "ఏంటండీ ఇది?" అన్నాను పక్కావిడతో.

"ఏది?" అంది ఆమె.

కరుణ ఉండేది ఆస్పత్రి వెనక హాస్టల్లో. గదికి ముగ్గురు. తాగడానికి నీళ్ల క్యాను ఇరవై రూపాయలు. బోరు నీళ్లు తాగడానికి పనికిరావట. పక్కనే కాలువ పారే ఊళ్లో పుట్టినదాన్ని, నీళ్లను కొలిచి తాగుతున్న చెల్లిని చూసి ఎలాగో అనిపించింది. తను మాత్రం కవరు విప్పి కాగితాలన్నీ మంచం మీద వరసగా పేర్చుకుంది. "ఇక అనుభవ ధ్రువపత్రం ఒక్కటే బాకీ అక్కా. ఏడాది నిండిన మంగళవారం డ్యూటీ దిగగానే తీసుకుంటాను" అంది. ఆదివారం తనకు డ్యూటీ. మందిరానికి నన్ను ఒక్కదాన్నే వెళ్లమంది.

బేరింగుల షాపు పైన

ప్రార్థన మందిరం ఒక బేరింగుల షాపు పైన రేకుల గదిలో ఉంది. ఇనుప మెట్లు. మెట్ల కింద చెప్పులకు బదులు ఎక్కువగా బూట్లు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు యూనిఫాంలతోనే కూర్చున్నారు. ఒక పాట తెలుగులో, ఒక పాట హిందీలో. ఎక్కడో ఒడిశా నుంచి వచ్చిన దంపతులు హిందీ పాట ఎత్తుకుంటే నాకు మాటలు తెలియకపోయినా కళ్లు చెమర్చాయి. పరలోకంలో పాట ఇలాగే ఉంటుందని మా పిల్లలకు చెప్పాలనుకున్నాను.

తర్వాత సాక్ష్యాలు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె లేచి, మూడు నెలలుగా ఆగిన జీతం పడ్డదని చెప్పింది. మల్లేశం అనే పెద్దాయన, ఏదో కంపెనీలో లేతు మిషను మీద పనిచేసే టర్నరు, లేచి "మిషన్ల చెయ్యి పోవాల్సింది, గోరు పోయింది. స్తోత్రం" అని కట్టు కట్టిన వేలు చూపించి కూర్చున్నాడు. అందరూ ఆమీన్ అన్నారు.

నాకు మనసు నిలవలేదు. లేచాను.

మా ఊరి పద్ధతి ఇక్కడ చెప్పాలి. మేము అడిగినదానికి అందకముందే కృతజ్ఞత చెబుతాం. అందినట్టే చెబుతాం. కరుణ ఇంటర్ పరీక్షలు రాయకముందే మా అమ్మ సంఘంలో నిలబడి, నా బిడ్డను పాస్ చేసిన దేవునికి వందనాలు అంది. మా సంఘంలో అది వినని ఆదివారం ఉండదు. ఎవరూ పొరపడరు. ఎవరికి ఏది అందింది, ఏది అందలేదు అన్నది ఊరందరికీ ముందే తెలుసు.

"నా చెల్లి కరుణకు ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు ఇచ్చిన దేవునికి స్తోత్రం" అన్నాను. గది దద్దరిల్లేలా ఆమీన్ అన్నారు. గుండె నిండిపోయింది.

ప్రార్థన అయ్యాక ఒక స్టీలు గిన్నెతో గుడాలు పంచారు. ఉడకబెట్టిన బొబ్బర్లు, పైన ఉల్లిపాయ, పచ్చిమిరప. జీతం పడ్డ ఆమె తెచ్చిందట. ఇక్కడ సాక్ష్యం చెప్పినవాళ్లు గుడాలు పంచడం ఆనవాయితీ. నా చేతులు ఖాళీ. సిగ్గేసింది. అప్పుడే కళ్లద్దాలు పెట్టుకున్న యాభై ఏళ్ల ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"కరుణ అక్కవా నువ్వు? సీటొచ్చిందా ఆమెకు?"

"వచ్చినట్టేనండి."

"ఎన్నడు పోతది?"

"దేవుడు పంపినప్పుడేనండి. ఇవాళో రేపో."

ఆవిడ తల ఊపింది. "మంచిదే. మాకైతే ఒక్క ముక్క చెప్పలే" అని మెట్లు దిగిపోయింది. స్త్రీల సమాజం పెద్ద ఎవరో అనుకున్నాను.

సోమవారం, ఆస్పత్రి

పొద్దున ఎనిమిదింటికి కరుణ ఫోను.

"అక్కా, నిన్న మందిరంలో ఏం చెప్పావు?"

గొంతు మామూలుగా లేదు. చెప్పాను. "ఆస్పత్రికి రా" అని పెట్టేసింది.

కళ్లద్దాల ఆవిడ పేరు సుగుణమ్మ. ఆ ఆస్పత్రిలో నర్సులందరికీ పైఅధికారి ఆవిడే. డ్యూటీలు వేసేది, చేర్చుకునేది, పంపేది ఆవిడే. ఆ చుట్టుపక్కల నర్సులు చెప్పాపెట్టకుండా పెద్ద ఆస్పత్రులకు వెళ్లిపోతుంటారు. అందుకని ఎవరైనా వెళ్తారని తెలిసిన పూటే ఆవిడ ఇంకొకరిని పిలిపించుకుంటుంది. ఆదివారం సాయంత్రం నారాయణఖేడ్‌కు ఫోన్ చేసింది. సోమవారం పొద్దున్నకు ఒక పిల్ల నీలం ట్రంకు పెట్టెతో వరండాలో కూర్చుని ఉంది. కరుణ పేరు డ్యూటీ బోర్డు మీద లేదు. ఆదివారంతో పని ముగిసినట్టు కాగితం టైపు అయిపోయింది.

ఏడాదికి తొమ్మిది రోజులు తక్కువ.

నేను సుగుణమ్మ గారి గదిలోకి దాదాపు పరుగున వెళ్లాను.

"అమ్మా, పొరపాటు జరిగింది."

"పొరపాటేంది? సాక్ష్యం చెప్పింది నువ్వే గద. నేను విన్న, యాభై మంది విన్నరు."

"అది విశ్వాసంతో చెప్పిందండి."

"విశ్వాసం సరే. సీటొచ్చిందా, రాలేదా?"

"రాలేదండి. ఇంకా... అప్లికేషనే వెయ్యలేదు."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అప్లికేషనే వెయ్యలే! ఓ యేసయ్యా! మరి ఎవలకిచ్చిండు దేవుడు సీటు?"

మా పద్ధతి చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "మా దగ్గర అయినంకనే సాక్ష్యం చెప్తరు. గుడాలు నానబెట్టుకోని వస్తరు. కానిదానికి సాక్ష్యమేందమ్మా? రాత్రి నాకు నిద్ర లేదు తెలుసా? సంవత్సరం సంది చేతికింద పెట్టుకోని నేర్పిన పిల్ల, నాకు చెప్పకుండ సీటు తెచ్చుకున్నదని."

"మళ్లీ పెట్టుకోండమ్మా. తొమ్మిది రోజులే."

"బయట కూసున్న పిల్ల ఆడ రాజీనామా పెట్టి వచ్చింది. ఆమెను ఏమని వాపస్ పంపాలె? ఉన్నది ఒక్క పోస్టు."

నారాయణఖేడ్ పిల్ల తలుపు సందులోంచి మమ్మల్నే చూస్తోంది. తన తప్పేమీ లేదు.

ఆఫీసులో నరేందర్ అనే గుమాస్తా ఉన్నాడు. విషయం విని నవ్వేశాడు. "గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? తొమ్మిది దినాలే గద. పూర్తి సంవత్సరమని రాసి ముద్ర కొడ్త. అందరికీ గట్లనే ఇస్తం. ఎవడు లెక్క పెడ్తడు?"

దాచకుండా రాస్తున్నాను. పన్నెండేళ్లుగా అబద్ధ సాక్ష్యం పలకకూడదని పిల్లలకు నేర్పినదాన్ని, "రాయండి బాబూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు" అన్నాను. ఇంకా మాట పూర్తి కాలేదు, కరుణ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దన్నా. ఉన్న తేదీలే ఉండనీ."

బయటికి వచ్చాక తన మీద అరిచాను. ఈ ఏడాది పోతే మళ్లీ ఏడాది, ఉద్యోగం కూడా పోయింది, హాస్టల్ మంచం కూడా ఆ కొత్త పిల్లకే, ఎక్కడుంటావు అని. కరుణ సిమెంటు గట్టు మీద కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను.

"అక్కా, చేరిన కొత్తలో నేనొక పని చేశాను. మూర్ఛలొచ్చే పేషెంటు. వార్డులో జనం. మందు ఎటూ ఇస్తాను కదా అని చార్టులో ముందే టిక్కు పెట్టేశాను. ఇంతలో ఇంకో పేషెంటు కోసం పిలిచారు. తర్వాతి షిఫ్టు అమ్మాయి టిక్కు చూసింది. ఇచ్చేశారనుకుంది. మధ్యాహ్నానికి ఆయనకు మళ్లీ మూర్ఛ వచ్చింది. సుగుణ మేడమ్ నన్ను తిట్టలేదు. ఆయన భార్య ముందు నిలబెట్టి, జరిగింది నువ్వే చెప్పు అంది. చెప్పాను." గట్టు మీద దుమ్ము చేత్తో తుడిచింది. "ఇచ్చాకే రాయాలక్కా. ముందే రాసేస్తే ఇక ఎవరూ ఇవ్వరు."

తను నరేందర్ కాగితం గురించే అంది. ఆదివారం గురించి ఆ రోజే కాదు, ఇప్పటిదాకా కూడా ఒక్క మాట అనలేదు. కానీ నేను ఆ గట్టు పక్కన ఎండలో నిలబడి, నా ఆమీన్ నా చెవుల్లోనే మోగుతుంటే, తలెత్తలేకపోయాను.

మంగళవారం, సంగారెడ్డి

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిద్రలేచాను. గురువారం నుంచి డ్యూటీ దొరికితే ఆపై శుక్రవారానికి తొమ్మిది రోజులు నిండుతాయి. శనివారం ఆఖరు తేదీ. ఒక్క రోజు మిగులుతుంది. శుక్రవారం మొదలైతే ఆఖరు రోజుకు గానీ నిండదు, కాగితం చేతికి రాదు.

ఆస్పత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు సంగారెడ్డిలో రోగులను చూస్తాడు. బస్సెక్కాం. దారి పొడవునా గోడలు, గోడల మీద ముళ్ల తీగలు, గోడల వెనక పొగ గొట్టాలు. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక మక్కజొన్న చేను. మా వైపు మొక్కజొన్న అంటాం. బస్టాండు దగ్గర బొగ్గుల మీద కాల్చిన కంకి ఇరవై రూపాయలు, మీద నిమ్మకాయ, ఉప్పూ కారం రుద్ది ఇచ్చారు. కరుణ తిన్నది. నేను చేత్తో పట్టుకునే డాక్టరు గారి క్లినిక్కు దాకా నడిచాను.

టోకెన్ నంబరు నలభై ఏడు. పక్క కుర్చీలో కర్దనూర్ నుంచి వచ్చిన లచ్చమ్మ అనే ఆవిడ. ఉన్న రెండెకరాలు ప్లాట్లకు పోయాక సబ్బుల కంపెనీలో డబ్బాలకు మూతలు పెడుతోందట. "ఎవుసం చేసినప్పుడు నడుము నొచ్చేది. ఇప్పుడు మెడ నొస్తది. గంతే ఫరక్" అంది. నా వాలకం చూసి సంగతంతా లాగింది. అంతా విని పడీపడీ నవ్వింది.

"మా దేవుండ్లకైతే పని అయినంకనే కొబ్బరికాయ కొడ్తం. నువ్వు ముందుగాల్నే కొట్టినవ్ గద అక్కా!"

నేను వాదనకు దిగేదాన్నే. మా విశ్వాసం వేరు, మొక్కుబడి వేరు అని చెప్పేదాన్నే. ఆ పూట నోరు లేవలేదు. ఆవిడ నా మోకాలి మీద తట్టింది. "సారు ముంగట ఏడ్వకు. ఏడ్సినోళ్లను బయట కూసోపెట్టి అందరైనంక పిలుస్తడు. సక్కగ రెండు మాటలు చెప్పు."

రెండు మాటలు వద్దనుకుని కరుణనే చెప్పమన్నాను. తను ఒక్క మాట కూడా కలపకుండా చెప్పింది. నా తప్పును కూడా "మా అక్క చెప్పింది అర్థం కాలేదు సార్" అని దాటేయబోతే నేనే అడ్డుపడి, "అర్థమయ్యేలాగే చెప్పానండి, జరగనిదాన్ని జరిగిందని చెప్పాను" అన్నాను.

డాక్టరు గారు రక్తపరీక్ష కాగితాల మీంచి కళ్లెత్తకుండానే అన్నాడు. "బొంతపల్లిల మాది చిన్న దవాఖాన ఉన్నది, పది పడకలు. ఆడికి పొమ్మంటే ఎవ్వరు పోతలేరు. పోతవా?"

"పోతాను సార్."

"తొమ్మిది దినాలు చేసి పారిపోతవు."

"సీటు వస్తే వెళ్తాను సార్. వచ్చేదాకా చేస్తాను."

ఆయన అప్పుడు తలెత్తాడు. "నాకు అభ్యంతరం లేదు. కానీ నర్సుల సంగతి సుగుణమ్మదే. నేను అండ్ల చెయ్యి పెట్టను. ఆమెతోని ఫోన్ చేయించుండ్రి."

సాయంత్రం పటాన్‌చెరు చేరి సుగుణమ్మ గారి ముందు నిలబడ్డాం. ఆవిడ రిజిస్టరులో ఏదో రాస్తూ విన్నది. రాయడం అయ్యాక మూసింది.

"కరుణ మీద నాకు కోపం లేదు. కానీ చెప్పకుండ పోతున్నదని ఆదివారమే మందిరం మెట్ల కింద నలుగురికి చెప్పిన. ఆ మాట నేను వాపస్ తీసుకోవాలె. ఎట్ల తీసుకుంట? నువ్వు అన్నది అట్లనే ఉంటే నా మాట నిజమే అయితది గద." నా వైపు చూసింది. "రేపు బుధవారం ప్రార్థన ఉన్నది. యాడ నిలబడి చెప్పినవో ఆడనే నిలబడి చెప్పు. ఆ తర్వాత సారుకు ఫోన్ చేస్త."

బుధవారం, బొంతపల్లి

మంచం కొత్త పిల్లకు పోయాక మేమిద్దరం ఆ హాస్టల్ గదిలోనే నేల మీద సర్దుకున్నాం. సాయంత్రం దాకా అక్కడ ఉండలేక బొంతపల్లి చూసొద్దామన్నాను. కరుణ కూడా, ఉండాల్సిన చోటు చూసుకోవాలి కదా అంది. వెళ్తున్నంతసేపూ నాలో నేను మాటలు కూర్చుకుంటున్నాను. "విశ్వాసపు తొందరలో" అని మొదలుపెట్టాలా? "నా ఉద్దేశం మంచిదే అయినా" అనాలా? సండే స్కూలు పాఠానికి కూడా ఇన్నిసార్లు దిద్దుకోలేదు.

బొంతపల్లిలో వీరభద్రుడి గుడికి వచ్చేపోయే జనం. పూల బుట్టలు, కొబ్బరికాయల గుట్టలు, మధ్యలో కంపెనీ బస్సులు. గుడికి వచ్చినవాళ్లూ షిఫ్టుకు పోయేవాళ్లూ ఒకే హోటల్లో ఒకే బల్ల మీద తింటున్నారు. దవాఖాన ఆ రోడ్డు చివర. పది పడకల్లో ఇద్దరు రోగులు. డాక్టరు పదకొండింటికి వస్తాడట. యాదమ్మ అనే ఆయా ఒక్కతే ఉంది.

"కొత్త సిస్టరమ్మవా? దేవుడు పంపినట్టొచ్చినవ్. జెర ఇటు రా" అని కరుణ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బల్ల మీద ఒక కుర్ర పనివాడు. ముంజేతి మీద ఏదో రసాయనం పడి ఎర్రగా పొంగింది. బిహారీ. "జల్ రహా హై దీదీ" అంటున్నాడు, మండుతోందట. కరుణ అతన్ని కుళాయి దగ్గరికి నడిపించి, చెయ్యి నీళ్ల కింద పెట్టి, ఏం పడిందో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోమని యాదమ్మకు చెప్పింది. గడియారం చూస్తూ అలాగే పట్టుకుని నిలబడింది. డాక్టరు వచ్చేదాకా కదలలేదు.

యాదమ్మ రిజిస్టరు తెచ్చింది. "పేరు చెప్పమ్మా, రాస్త."

"నా పేరు రాయకు యాదమ్మా. నేనింకా చేరలేదు."

"చేసినవ్ గద?"

"నీళ్ల కింద పట్టుకున్నాను. అంతే రాయి."

మధ్యాహ్నం యాదమ్మ తన డబ్బా విప్పి మాకూ పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా ఇంట్లో చారు మరగకపోతే అమ్మ ఊరుకోదు. ఇక్కడ చింతపండు పులుసును పొయ్యెక్కించనే ఎక్కించరు. పచ్చి ఉల్లిపాయ పిసికి వేస్తారు. మొదటి ముద్దకు పళ్లు జివ్వుమన్నాయి, మూడో ముద్దకు ఇంకొంచెం పొయ్యమన్నాను.

"ఈ వాసనకు ఎలా ఉంటున్నావమ్మా?" అన్నాను.

"రెండు దినాలల్ల అలవాటైతది. ఊరికి పోయొస్తె మళ్ల మొదటికొస్తది. అందుకే నేను ఎటూ పోను" అని నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. దగ్గుతూనే కరుణకు ఇంకో రొట్టె వేసింది.

అదే సాయంత్రం

ఆరున్నరకు ఇనుప మెట్లెక్కాం. ఆదివారమంత మంది లేరు గానీ ముప్ఫైమంది ఉంటారు. సుగుణమ్మ గారు ముందు వరసలో. పాస్టరుగారు సాక్ష్యాలున్నాయా అని అడగగానే లేచాను. దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ దొరకలేదు.

"ఆదివారం నా చెల్లికి సీటు వచ్చిందని చెప్పాను. రాలేదు. ఇంకా అప్లికేషన్ కూడా వెయ్యలేదు. తను మీకెవరికీ ఏమీ దాచలేదు. జరగనిదాన్ని జరిగిందని చెప్పింది నేను. దాని వల్ల తన ఉద్యోగం పోయింది. దేవుని ముందూ మీ ముందూ ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

ఎవరూ ఆమీన్ అనలేదు. దేనికి ఆమీన్ అనాలో వాళ్లకు తెలియలేదేమో. కింద షాపులో ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు. ఆ దెబ్బలు లెక్కపెడుతూ నిలబడ్డాను. సాక్ష్యం వెనక్కి తీసుకున్నాక కూర్చోవచ్చో లేదో కూడా నాకు తెలియదు. మా సంఘంలో ఎవరూ అలా చేయగా చూడలేదు.

సుగుణమ్మ గారు లేచారు. "కరుణ నాకు చెప్పకుండ పోతున్నదని నేను నలుగురికి చెప్పిన. అడగకుండ చెప్పిన. ఒక్కసారి ఆ పిల్లనే పిలిచి అడిగితే అయిపోతుండె. అది నా తప్పు" అని కూర్చున్నారు.

వెనక నుంచి మల్లేశం గారి గొంతు. "అంటే ఈ అక్క గుడాలు ఇంకా బాకీనే ఉన్నట్టు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు గానీ మోకాళ్లు వంగలేదు.

పాస్టరుగారు కరుణను ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. "సీటియ్యి ప్రభువా" అని మాత్రమే అడిగారు. ఇచ్చినందుకు వందనాలని అనలేదు. ఆమీన్ అయ్యీ కాకముందే సుగుణమ్మ గారు ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్లారు. తిరిగి వచ్చి కరుణతో, "రేపు పొద్దున ఎనిమిది కల్లా బొంతపల్లిల ఉండు. ఆలస్యమైతే నేనే గైర్హాజరు వేస్త" అన్నారు.

ఊరికి వచ్చాక

గురువారం పొద్దున కరుణను బొంతపల్లి ఆటో ఎక్కించి, నేను లింగంపల్లి వైపు ఆటో ఎక్కాను. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చున్నా కాలు తొక్కుతోంది గానీ మనసు రోజులు లెక్కపెడుతోంది. ఒక జాకెట్టుకు రెండు కుడిచేతులు కుట్టాను. నాలుగో రోజు కరుణకు జ్వరం వచ్చింది. సెలవు పెట్టకుండా యాదమ్మ ఇచ్చిన కషాయం తాగి డ్యూటీ చేసింది. ఏడో రోజు ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా నేను మనిషిని కాను. వార్డులో జనమట.

తొమ్మిదో రోజు సాయంత్రం నరేందర్ రెండు చోట్ల పని చేసినట్టు, మధ్యలో మూడు రోజులు లేనట్టు, తేదీలు తేదీలుగా కాగితం రాసిచ్చాడు. మధ్యలోని ఆ ఖాళీ చూసి ఎవరైనా ప్రశ్నిస్తారేమో అన్నది ఇప్పటికీ నా భయం. "అడిగితే ఉన్నది చెబుతాను" అంటుంది కరుణ. శనివారం పొద్దున నెట్ సెంటరులో వెబ్‌సైటు మూడుసార్లు ఆగిపోయి నాలుగోసారి తీసుకుంది. "వెళ్లింది అక్కా" అని రెండే మాటలు చెప్పి, డ్యూటీకి టైమైందని ఫోన్ పెట్టేసింది.

దేవుని ముందు ముందుగా కృతజ్ఞత చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఒంటరిగా మోకరించినప్పుడు ఇప్పుడూ అలాగే చెబుతాను. ఆయన దగ్గర నా మాట చెడిపోదు. మనుషులు మాత్రం విన్న మాటను పట్టుకుని ఆ సాయంత్రమే నారాయణఖేడ్‌కు ఫోన్ చేస్తారు. వాళ్లు చేసింది తప్పు కాదు. నా మాట నమ్మారు.

మొన్న ఆదివారం మా మందిరంలో సాక్ష్యాల వేళకు అందరూ నా వైపు తిరిగారు. అమ్మ మోచేత్తో పొడిచింది. లేచాను. "మా చెల్లి ఎమ్మెస్సీ నర్సింగ్‌కు అప్లికేషన్ వేసింది. ఫలితం రాలేదు. ప్రార్థన చెయ్యండి" అన్నాను.

పాస్టరుగారు మైకు నా ముందు నుంచి తీయకుండా, ఎప్పటిలా వందనాల మాట కోసం కాసేపు చూశారు. ఆ మాట ఇంకా రాలేదు. కూర్చున్నాను.